అమ్మ జారలేదు, తూలింది

గత ఏడాది మే నెలలో, ఇంకా తెల్లవారకముందే, మా అమ్మ బాత్రూము గుమ్మం ముందు పడిపోయింది. చెన్నైలో ఎండలు మండిపోతున్న రోజులవి. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అంటారు, మన రోహిణి కార్తె కంటే ముందే మొదలవుతుంది. శబ్దం విని నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, "ఏమీ కాలేదు, నువ్వు పోయి పడుకో" అంది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఎలా పడ్డారని తమిళంలో అడిగారు. అమ్మకు తమిళం రాదు. "బాత్రూముల వళుక్కి విళుందుట్టాంగ" అని నేనే చెప్పాను, బాత్రూములో జారి పడ్డారని. అమ్మ నాతో అలా అనలేదు. పెద్దవాళ్లు పడ్డారనగానే మన నోటికి వచ్చే మాట అదే కాబట్టి అనేశాను. ఆయన అదే రాసుకున్నారు. ఎక్స్‌రే తీసి, కట్టు వేసి, నేల తడి లేకుండా చూసుకోమని చెప్పి పంపించారు.

పది రోజుల తర్వాత నేను తల దువ్వుతుంటే అమ్మ అంది: "నేను జారలేదే. మంచం మీంచి లేచి నాలుగడుగులు వేశానో లేదో కళ్లకు చీకట్లు కమ్మాయి. తూలాను. ఆ కాళ్లు తుడుచుకునే పట్టా కాలికి అడ్డం పడింది."

నేను డాక్టరుకు చెప్పింది ఒకటి, జరిగింది మరొకటి. ఆ తేడా వల్ల పది రోజులుగా మేము బాత్రూము నేలను తుడుస్తూ కూర్చున్నాం. ఆమెను పడేసిన కారణం మాత్రం రోజూ రాత్రి ఎనిమిదింటికి మంచినీళ్లతో పాటు ఆమె గొంతులోకి దిగుతూనే ఉంది.

పడటం గురించి చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. జారి పడటం, తట్టుకుని పడటం, తూలి పడటం, కళ్లు తిరిగి పడటం, కళ్లకు చీకట్లు కమ్మి పడటం, కాళ్లలో సత్తువ లేక కూలబడటం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. జారితే నేలనూ చెప్పులనూ చూడాలి. తట్టుకుంటే అడుగు ఎత్తు తగ్గిందా, కళ్లద్దాలు సరిపోతున్నాయా, వెలుతురు ఉందా అని చూడాలి. లేవగానే చీకట్లు కమ్మితే రక్తపోటునూ మాత్రలనూ, మంచంలో పక్కకు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరిగితే లోపలి చెవినీ పరీక్షించాలి. కుర్చీలోంచి లేస్తూ మళ్లీ కూలబడుతుంటే అది తొడ కండరాల సంగతి. ఇక "ఎలా పడ్డానో తెలియదు, చూసుకుంటే నేల మీద ఉన్నాను" అన్నారంటే అది అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవలసిన మాట. గుండె లయ తప్పి క్షణకాలం స్పృహ పోయినవాళ్లలో కొందరికి ఆ స్పృహ పోయిన సంగతే గుర్తుండదు. వాళ్లు కూడా జారానేమో అనే చెబుతారు. వాళ్లకు ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకూడదు.

ఇది చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. అనుకోకుండా జరిగే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి మధ్య, అల్ప ఆదాయ దేశాల్లోనే. 2021 అంచనాల్లో తమిళనాడు జనాభాలో 60 దాటినవాళ్లు 13.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. ఒంగోలు, నెల్లూరు నుంచి అమ్మానాన్నలను తెచ్చుకుని చెన్నైలో ఉంటున్న మనలాంటి ఇళ్లలో ఈ రెండు లెక్కలూ కలుస్తాయి.

అమ్మ మాత్రలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. తర్వాత మేము చూపించుకోవడానికి వెళ్లిన వృద్ధాప్య వైద్య నిపుణురాలు చీటీలు పక్కన పెట్టి, ముందు ఆ డబ్బా తెరవమన్నారు. అందులో రక్తపోటుకు రెండు రకాల మాత్రలు ఉన్నాయి. ఒకటి ఒంగోలులో రాసినది, ఇంకొకటి చెన్నై వచ్చాక ఇక్కడి డాక్టరు కలిపినది. మొదటిది ఆపమని ఎవరూ చెప్పలేదు, అమ్మ ఆపలేదు. నాన్న పోయినప్పుడు నిద్ర పట్టడానికి రాసిన అల్ప్రాజోలం రెండేళ్లుగా రోజూ అరముక్క. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మగత మాత్ర. ఏ ఒక్కటీ విషం కాదు. కానీ అన్నీ రాత్రి ఎనిమిదికి ఒకేసారి వేసుకుంటే, తెల్లవారుజామున మూడింటికి మూత్రానికి లేచే మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది?

పడుకున్న మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. వయసులో ఉన్నవాళ్లకు రక్తనాళాలు వెంటనే బిగుసుకుని, గుండె కాస్త వేగం పెంచి, మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. వయసు మీరేకొద్దీ ఆ స్పందన మందగిస్తుంది. రక్తపోటు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తక్కువైతే చెప్పనక్కర్లేదు. రాత్రి లేవవలసి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసే అలవాటు చాలామంది ఆడవాళ్లకు ఉంది, అమ్మకూ ఉంది. అదీ మే నెల చెన్నైలో.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి రక్తపోటు చూడాలి. నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే అదే కారణం కావచ్చు. అమ్మకు పడుకున్నప్పుడు 138, నిలబడ్డాక 112. అంతకుముందు ఎన్ని ఆసుపత్రులకు తిరిగినా ఆమెకు ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టే రక్తపోటు చూశారు. పడినవారిని మీరు డాక్టరు దగ్గరకు తీసుకెళితే ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. మొహమాటపడవద్దు.

నిద్రమాత్రల గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. 1999లో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో నిద్రమాత్రలూ అలాంటి మందులూ మెల్లగా తగ్గించినవాళ్లలో పడటం మూడింట రెండు వంతులు తగ్గింది. అయితే అధ్యయనం ముగిశాక చాలామంది నెల తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టారు. ఈ మాత్రలు మానడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంకో సంగతి, వీటిని ఒక్కసారిగా ఆపేయకూడదు, మూర్ఛ (ఫిట్స్) కూడా రావచ్చు. అమ్మకు డాక్టరుగారు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. మొదటి పదిహేను రోజులు నిద్ర లేక విసుక్కుంది. తర్వాత కుదుటపడింది.

కళ్లు తిరుగుతున్నాయంటే నెలల తరబడి వేసే మాత్రల సంగతి కూడా ఇలాంటిదే. లోపలి చెవిలో సన్నని రేణువులు చోటు తప్పితే తల తిప్పినప్పుడల్లా ఇల్లు తిరుగుతుంది. దానికి తలను ఒక వరుసలో తిప్పి ఆ రేణువులను మళ్లీ చోటికి చేర్చే ఎప్లీ పద్ధతి ఉంది, పట్టేది కొన్ని నిమిషాలు. అది చేయించకుండా ప్రోక్లోర్‌పెరజీన్ లాంటి మాత్రలు నెలలపాటు మింగితే, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి అడుగు పడని పరిస్థితి రావచ్చు.

ఇప్పుడు తూలడం దగ్గరకు వద్దాం. మనం నిటారుగా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబుర్లు అందాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు. మూడింటిలో ఒకటి పోయినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. రెండు పోతే నిలబడలేం. పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు ఉండి అరికాళ్లు మొద్దుబారిన మనిషి పగలంతా కళ్ల సాయంతో బాగానే నడుస్తారు. రాత్రి దీపం ఆర్పితే ఆ సాయమూ పోతుంది. ఇది కనిపెట్టడానికి ఇంట్లోనే ఒక గుర్తు ఉంది. వాష్ బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ముందుకో పక్కకో ఊగి బేసిన్ పట్టుకుంటున్నారా? అయితే అరికాళ్ల కబురు అందడం లేదన్నమాట. బి12 విటమిన్ తక్కువైనా ఇలా జరుగుతుంది. శాకాహారులకూ, చక్కెర జబ్బుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారికీ అది తగ్గే అవకాశం ఎక్కువ. ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది.

కళ్ల విషయానికొస్తే, శుక్లం ముదిరేదాకా ఆగడం పాతకాలపు మాట. మొదటి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాక పడటం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పైన దూరానికీ కింద చదవడానికీ ఉండే అద్దాలు పెట్టుకుని మెట్లు దిగితే, కింది మెట్టు చదివే అద్దంలోంచి మసకగా కనిపిస్తుంది. బయట తిరిగేవాళ్లకు దూరానికి మాత్రమే ఉన్న జత ఒకటి వేరుగా ఉండటం మంచిది.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి ఉంది.

ఊళ్లో ఉండగా అమ్మ తెల్లవారి లేచి వాకిలి ఊడ్చేది, కళ్లాపి చల్లేది, ముగ్గు వేసేది. ముగ్గు వేయాలంటే గొంతుక్కూర్చోవాలి, ఆ కూర్చున్న తీరులోనే పక్కకు జరగాలి, లేవాలి. దొడ్లో కరివేపాకుకు మునివేళ్ల మీద నిలబడాలి. ఎవరూ వ్యాయామం అనలేదు గానీ తొడలకూ పిక్కలకూ అంతకుమించిన పని లేదు. నాన్న పోయాక నేను చెన్నై తీసుకొచ్చాను. వేళచ్చేరిలో నాలుగో అంతస్తు. వాకిలి లేదు, దొడ్డి లేదు. గ్లాసు అందుకోబోయినా "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తాను" అన్నాను. రెండేళ్లపాటు రోజుకు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ప్రేమతోనే అన్నాను. ఆ రెండేళ్లలో ఆమె తొడల్లో బలం కరిగిపోయింది.

పెద్ద వయసులో కండరం వాడకపోతే ఎంత త్వరగా పోతుందో మనకు ఊహకు అందదు. పది రోజులు మంచాన పడ్డ పెద్దవాళ్లు లేచాక నడక మారిపోవడం మీరు చూసే ఉంటారు. ఒకసారి పడ్డాక భయం పట్టుకుంటుంది. భయంతో కదలిక తగ్గిస్తారు, ఇంట్లోవాళ్లం ఇంకా తగ్గిస్తాం. బలం తగ్గుతుంది, మళ్లీ పడతారు. కట్టు విప్పేదాకా నేను అమ్మను హాలు దాటనివ్వలేదు. అది తప్పని డాక్టరుగారు చెప్పినప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు.

బలం కొలవడానికి ఆవిడ ఒక మామూలు కుర్చీ తెప్పించారు. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 70 నుంచి 79 ఏళ్ల ఆడవాళ్లు కనీసం 10 సార్లు చేయగలగాలి. మగవాళ్లయితే 70 నుంచి 74 ఏళ్లలో 12, ఆ పైన 79 దాకా 11. అమ్మకు 74. ఆరుసార్లు లేచింది. ఇంట్లో చేయిస్తే కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరు నిలబడాలి.

పడకుండా ఉండటానికి ఏది పనిచేస్తుందన్న ప్రశ్నకు ఇప్పటివరకూ దొరికిన జవాబుల్లో అన్నిటికంటే గట్టిది వ్యాయామమే. 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసింది. వ్యాయామం చేసేవారిలో పడటం 23 శాతం తగ్గింది. అందులోనూ పనిచేసినవి నిలకడకూ కాళ్ల బలానికీ పరీక్ష పెట్టే వ్యాయామాలు. చైనావారి తాయ్ చీ కూడా ఉపయోగపడినట్టు కనిపించింది. ఒక్క నడక మాత్రమే చేస్తే పడటం తగ్గుతుందని ఆ లెక్కల్లో తేలలేదు. "రోజూ మేడ మీద అరగంట నడుస్తున్నారు కదా" అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. నడక గుండెకు మంచిది, చక్కెరకు మంచిది, మానకూడదు. తూలకుండా ఉండాలంటే మాత్రం కాస్త తూలే స్థితిలో నిలబడి సర్దుకోవడం సాధన చేయాలి.

అమ్మ చేసేవి ఇవి. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి పదిసార్లు నిలబడుతుంది. గట్టు వెంబడి పక్కకు అడుగులు వేస్తుంది. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు తాకించి, వరుసగా పెట్టి పది సెకన్లు నిలబడుతుంది, మొదట రెండు చేతులతో పట్టుకుని, తర్వాత ఒక్క వేలితో, ఇప్పుడు చేయి గాలిలో ఉంచి. కుర్చీలోంచి లేవడం ఉదయం పది, సాయంత్రం పది. వారానికి కనీసం మూడు రోజులు ఇలాంటివి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మూడు నెలలు ఓపిక పట్టాలి. మానేస్తే లాభమంతా పోతుంది.

విటమిన్ డి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎముకలకు బలమని 60,000 యూనిట్ల పొట్లాలు చాలా ఇళ్లలో డాక్టరును అడగకుండానే వాడుతున్నారు. లోపం ఉంటే డాక్టరు చెప్పినంత వాడాల్సిందే. పడకుండా కాపాడుతుందని మాత్రం నమ్మకూడదు. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే, పడటమూ ఎముకలు విరగడమూ పెరిగాయని 2010లో వెల్లడైంది.

ఇంటి సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందరూ మొదట చేసేది అదే. అమ్మ కాలికి అడ్డం పడ్డ పట్టా మా అమ్మమ్మ పాత చీరలతో అల్లింది. దాన్ని పారేయలేక మడిచి బీరువాలో పెట్టాం. గుమ్మం దగ్గర రబ్బరు అడుగున్నది వేశాం. మంచం నుంచి బాత్రూము దాకా కింద చిన్న దీపాలు పెట్టాం. కమోడ్ పక్కన స్టీలు కడ్డీ బిగించాం. తువాలు ఆరేసే కడ్డీని నమ్ముకోవద్దు, మనిషి బరువు పడితే గోడలోంచి ఊడొస్తుంది. బోలు ఇటుకల గోడైతే దానికి తగ్గ బోల్టులు వాడారా అని పనివాణ్ని అడగండి. చెప్పుల దగ్గర మాకు పెద్ద చర్చే జరిగింది. నున్నటి టైల్స్ మీద వట్టి కాళ్లతో, మేజోళ్లతో నడవడం కంటే వెనక పట్టీ ఉన్న, అడుగు పట్టుండే చెప్పులు మేలు. ఇంట్లో చెప్పులేమిటని అమ్మ ఒప్పుకోలేదు. చివరికి ఇంట్లోకి వేరే జత కొన్నాం. దేవుడి గది గడప దగ్గర విప్పుతుంది, అక్కడ పట్టుకోవడానికి మరో కడ్డీ ఉంది.

ఇన్ని చేసినా పడవచ్చు. పడినప్పుడు చంకల్లో చేతులు వేసి లాగి లేపకండి. ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటకు తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగిందని అనుమానించి, కదపకుండా 108కి ఫోను చేయండి. చెన్నైలో మన పుత్తూరు పేరుతో ఎముకల కట్టు కట్టే బోర్డులు వీధికొకటి కనిపిస్తాయి. ఆ కట్టు మీద మన ప్రాంతంవాళ్లకు తరాల నమ్మకం ఉందని నాకు తెలుసు. అయినా తుంటి విరిగితే అక్కడికి తీసుకెళ్లవద్దు. ఆపరేషన్ లేకపోతే మనిషి నెలల తరబడి మంచాన ఉండాలి. పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో గడ్డకట్టే రక్తం, ఇవే ప్రాణం తీస్తాయి. "ఈ వయసులో ఆపరేషనా" అని రోజులు గడపకుండా, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే చేయించాలి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి బాగానే కనిపించినా స్కాన్ తప్పదు. మెదడు పైపొరల్లో రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత మగతగా, తికమకగా బయటపడటం ఉంది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పడటం కంటే గంటల తరబడి నేల మీద ఉండిపోవడం ఎక్కువ హాని చేయవచ్చు. అందుకే లేవడం కూడా నేర్పాలి. దెబ్బ లేదని తేలితే పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లూ చేతుల మీదికి వచ్చి, బరువైన కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని బలమున్న కాలు ముందు మోపి లేవాలి. అమ్మ చేత పరుపు మీద నాలుగుసార్లు చేయించాం. ఫోను మెడలో వేలాడే సంచిలో ఉంటుంది.

ఎవరిని అడగాలో తెలియక తిరిగేవాళ్ల కోసం: దేశంలో వృద్ధుల కోసమే ప్రత్యేకంగా ఓపీ మొదలైంది ఈ ఊళ్లోనే, 1978లో, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో. 2024 నుంచి గిండీలో జాతీయ వృద్ధాప్య కేంద్రం కూడా ఉంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో ఇంటికి వచ్చి చేసే ఫిజియోథెరపీ ఉంది. వృద్ధులకు జాతీయ సహాయ ఫోను నంబరు 14567. వెళ్లేటప్పుడు మాత్రల డబ్బా మొత్తం తీసుకెళ్లండి. అమ్మను, నాన్నను తెలుగులోనే చెప్పనివ్వండి. వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటనే తమిళంలోకి మార్చండి. తూలానంటే తూలానని, చీకట్లు కమ్మాయంటే చీకట్లు కమ్మాయని.

డిసెంబరులో ధనుర్మాసం పట్టిన రోజు పొద్దున తలుపు తీసేసరికి, ఎదురింటి మామి వేసిన కోలం పక్కన మా గుమ్మం ముందు కూడా ఏడు చుక్కల ముగ్గు ఉంది. ముగ్గు పక్కనే, గోడకు ఆనించి, అమ్మ పట్టుకుని లేచే చెక్క కుర్చీ ఉంది.